లత జాబ్ పోయిన రోజు

ఈ బరువు చాలా ఏళ్లుగా మోస్తున్నాను. లత పేరు ఎవరి నోట విన్నా ఇప్పటికీ అక్కడి నుంచి లేచి వెళ్లిపోతాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరివో తెలియని నీకు ఈ కాగితం మీద చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకు.

బహ్రెయిన్‌లో కొడుకు, కోడలి దగ్గర ఉంటున్నాను, మహూజ్ అనే పేటలో ఒక ఫ్లాటు. ఒంట్లో పుట్టుకతో ఉండే రాతను జీనోమ్ అంటారట. దాన్ని ఇంటర్నెట్‌లోనే చదివే సాధనాలు ఉంటాయట. పరిశోధన చేసేవాళ్లకు వాటిని వాడటం నేర్పడం, చిక్కుపడితే దారి చూపడం నా కోడలి పని. నేను మూడో తరగతి దాటలేదు. నాకు తెలిసిందల్లా, మనిషి లేని గదిలో కరెంటు కాలకూడదని.

ఆ రోజు లత వచ్చింది. నిజామాబాద్ వైపు పిల్ల, ఒక ల్యాబులో కొత్తగా చేరి నా కోడలి దగ్గర పని నేర్చుకుంటోంది. తన గదిలో నెట్ నెమ్మదని మా ఇంట్లో కూర్చుని పెద్ద ఫైలు ఒకటి పంపుతోంది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికీ అవలేదు. కోడలు మనవరాలిని బడి నుంచి తేవడానికి వెళ్లింది. నేనే లతను వంటింట్లోకి పిలిచి అన్నం పెట్టాను. నీళ్ల చెంబు కోసం ఆ గదిలోకి వెళితే ఎవరూ లేరు, గోడ దగ్గర నెట్ డబ్బా మిణుకుమిణుకుమంటోంది. టక్కున స్విచ్చు ఆపేశాను. కాసేపటికి అనుమానం వచ్చి మళ్లీ వేశాను. అంతే.

కోడలు వచ్చి కంప్యూటర్ తెర చూసింది.

“ఏం నొక్కినవ్ లతా? ఫైలు సగంలనే తెగింది గదా!”

“ఏం నొక్కలే అక్కా, ఒట్టు. బువ్వ తింటున్న. కావాలంటే పెద్దమ్మనడుగు.”

“మరి ఇంట్ల దయ్యాలు నొక్కినయా? అత్తమ్మా, మీరేమన్న ముట్టిండ్రా?”

“గా మిషన్ల సంగతి నాకేమెరుక బిడ్డా? నేను బోళ్లు తోముకుంటున్న.”

లత ముఖం పాలిపోయింది. “నా జాబ్ పోయింది అక్కా. ఖలాస్. రేపు సార్‌కు ఏం చూపియ్యాలె?”

జాబ్ పోయిందంటే ఇక్కడ అర్థమేమిటో తెలుసు కదా? వీసా పోయినట్టే. సామాను సర్దుకోవాల్సిందే. చెబితే ఏమవుతుంది? కొడుకు నన్ను ఊరికి పంపేస్తాడా? పైసా దగ్గరా మాట దగ్గరా ఇంటిల్లిపాదినీ నిలదీసే నేను, ఆ పిల్ల నా వైపే చూస్తుంటే తల దించుకుని, అప్పటికే కడిగిన గిన్నెను మళ్లీ కడిగాను.

లత మళ్లీ రాలేదు. ఏమైందని అడగడానికి భయపడ్డాను.

మొన్నామధ్య కోడలు ఎవరికో ఫోనులో నేర్పుతూ, జాబ్ ఆగిపోతే భయపడొద్దు, మళ్లీ పెట్టుకోండి అంది. అదేమిటని అడిగాను. తెర మీద నడిచే ఒక్కో పనినీ వాళ్లు జాబ్ అంటారట. ఉద్యోగం కాదట. ఎంత తేలికపడ్డానో! నవ్వు కూడా వచ్చింది. ఆ ధైర్యంతోనే అడిగాను, మరి లత ఎక్కడుందని.

“ఆ పిల్లనా? చేసిన తప్పు ఒప్పుకోదని నేనే వాళ్ల సార్‌కు చెప్పిన. తీసేసిండ్రు అత్తమ్మా. ఇండియాకు పోయింది.”

తప్పు ఒప్పుకోనిది ఎవరు? కోడలికి చెప్పాలి. చెబితే, ఏ పాపం ఎరగని పిల్ల పొట్ట కొట్టానని ఆమె కూడా నాలాగే కుమిలిపోవాలి. మరి ఈ మౌనం ఆమె కోసమా, నా కోసమా? నా కోసమే. కోడలిని అడ్డం పెట్టుకుంటున్నాను. ఇప్పుడు కూడా తలుపు చప్పుడైతే ఈ కాగితం కొంగు కింద దాస్తున్నాను. క్షమించమని అడగను. క్షమించాల్సిన పిల్ల ఎక్కడుందో కూడా తెలియదు.

ఆపింది నేను. అబద్ధమాడింది నేను. రాసిన ఈ కాగితాన్ని చింపకుండా మడతపెడుతున్నాను.