టైలరు తాతకి వారం గడువు

టైలరు తాతకి కోపం వచ్చినా వచ్చిందని ఒప్పుకోడు. మెడలో వేలాడే టేపు తీసి, చుట్టి, మళ్ళీ విప్పి మెడలో వేసుకుంటాడు, అంతే. ఆ ఆదివారం కూతురు వచ్చి ఇల్లంతా తనిఖీ చేసినంతసేపూ ఆ టేపుకి క్షణం తీరిక లేదు.

కూతురి ఉద్యోగమే తనిఖీ. ఫ్యాక్టరీలకి వెళ్ళి, ఏ యంత్రంలో ఎవరి వేళ్ళు నలుగుతాయో చూసి రిపోర్టు రాస్తుంది. కాన్పు సెలవు అయిపోవచ్చింది, ఇంకో పదిహేను రోజుల్లో డ్యూటీలో చేరాలి. పది నెలల బుడ్డదాన్ని క్రెష్‌లో వేస్తానంటే తాత ఒంటికాలి మీద లేచాడు. భార్య పోయిన ఈ నాలుగేళ్ళలో ఆ ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. బుడ్డది రోజూ వస్తుందన్న ఊహకే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"నాన్నా, సూదులు, కత్తెరలు, ఇస్త్రీపెట్టె... ఇది ఇల్లు కాదు, నేను తాళం వేయించే రకం ఫ్యాక్టరీ."

"నువ్వు పెరిగింది ఈ సూదుల మధ్యే కదమ్మా!"

"నన్ను పెంచింది అమ్మ. నువ్వు మిషను మీంచి తలెత్తితే కదా."

టేపు మళ్ళీ మెడలోంచి చేతిలోకి వచ్చింది.

చివరికి కూతురే ఒక మెట్టు దిగింది. "చేరాక ఒక వారం చూద్దాం. ఏ చిన్న తేడా వచ్చినా క్రెష్‌కే. మళ్ళీ నాతో వాదించకూడదు."

తాత తలూపాడు. ఆ సాయంత్రమే మిషను, కత్తెరలు, ఇస్త్రీపెట్టె ముందు గదిలోకి చేరాయి. ఆ గదికి నడుమెత్తు తలుపు, దానికి బుడ్డదాని చెయ్యి అందకుండా అవతలివైపు గడియ. తర్వాత ఆయన కొలతలు తీసే మనిషి కాబట్టి, బుడ్డదాని ఎత్తు ఎంతో చూసుకుని, చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి ఇల్లంతా పాకాడు. మోకాళ్ళు కిర్రుమన్నా పాకాడు. నలభై ఏళ్ళుగా ఉంటున్న ఇల్లే, కింద నుంచి చూస్తే శత్రువుల కోటలా ఉంది. ముక్కుకి ఎదురుగా కరెంటు ప్లగ్గులు, నెత్తిన టీపాయి మూల, చేతికందేలా వేలాడుతున్న కర్టెను తాడు, స్నానాలగదిలో నిండుగా బకెట్టు.

ప్లగ్గులకి మూతలు పెట్టాడు, తాడు పైకి కట్టేశాడు, బకెట్టు ఖాళీ చేసి బోర్లించాడు. టీపాయి మూలలకి స్పాంజితో తొడుగులు కుట్టాడు. ఊరికే కుట్టి ఊరుకుంటాడా? లైనింగు, అంచుకి పైపింగు! టీపాయి పెళ్ళికి ముస్తాబైనట్టు తయారైంది. ఇక నేల సంగతి. కర్రకి అయస్కాంతం కట్టి గదిగదికీ ఈడ్చాడు. మొదటిరోజే పదిహేడు గుండుసూదులు. మంచం కింద నుంచి, ఎప్పుడో భార్య పోగొట్టుకుని నెల్లాళ్ళు వెతికిన ఎంబ్రాయిడరీ సూది కూడా అంటుకుని వచ్చింది. దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు నేలమీదే కూర్చుండిపోయాడు.

కూతురు డ్యూటీలో చేరిన సోమవారం గడిచింది. మంగళవారం, బుధవారం కూడా. సాయంత్రం కూతురు వచ్చేసరికి పిల్ల కిలకిలా నవ్వుతూ ఉండేది, తాత వాలిపోయి ఉండేవాడు. పిల్ల నిద్రపోయినప్పుడు తప్ప మిషను ముట్టుకుంటే ఒట్టు.

అలా పిల్ల నిద్రపోతుండగానే గురువారం పొద్దున దానికో గౌను తయారైంది. పసుప్పచ్చ బట్ట, ముందు మూడు ఎర్ర గుండీలు. పిల్ల లేవగానే తొడిగి చూశాడు. చంక కింద అరంగుళం వదులు. ఆ కొలత కాగితం మీద రాసుకోవడానికి ఇటు తిరిగాడు, అంతే.

అటు తిరిగేసరికి గుండీలు రెండే ఉన్నాయి. మధ్యలో దారం ముక్క వేలాడుతోంది.

నలభై ఏళ్ళ అలవాటు అది. తొడిగి చూసేదాకా గుండీలు కచ్చా కుట్టుతో ఆనించడం, కొలత సరిపోయాకే గట్టిగా బిగించడం. నేలంతా గాలించిన మహానుభావుడికి పిల్ల ఒంటిమీదున్నది తట్టలేదు. ఆ ప్లాస్టిక్ గుండీని పట్టుకునే అయస్కాంతం ఎక్కడుంది?

బుడ్డది నోరు బిగించుకుని తాతకేసి చూసి మురిసిపోతోంది. ఒక బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. వేలు పెట్టి తీసేద్దామని తాత చెయ్యి ముందుకు వెళ్ళింది కూడా. "కనపడనిదాన్ని వేలితో వెతక్కు నాన్నా, లోపలికి తోసేస్తావ్" అని కూతురు పదిసార్లు చెప్పిన మాట గుర్తొచ్చి ఆగాడు. ఊపిరి బాగానే ఆడుతోంది, దగ్గు లేదు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి మింగేస్తుంది. అందుకని ఎదురుగా చతికిలబడి, నవ్వు తెచ్చిపెట్టుకుని, తన నోరు బారెడు తెరిచాడు.

"ఆ..."

బుడ్డది ఆలోచించింది. తాత మళ్ళీ "ఆఆ..." అన్నాడు. ఈసారి అదీ తెరిచింది. నాలుక చివర ఎర్రగా గుండీ! మెల్లిగా పిల్లని ముందుకి వంచాడు. చొంగతో పాటు గుండీ అరచేతిలో పడింది.

పిల్లని గుండెకి హత్తుకుని ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకే తెలీదు. కాస్త కుదుటపడ్డాక ఇంకో ఆలోచన దూరింది. చూసినవాళ్ళు లేరు. పిల్లకి మాటలు రావు. గుండీ కుట్టడం నిమిషం పని. చెబితే రేపటి నుంచి బుడ్డది రాదు. సాయంత్రం దాకా ఆ ఆలోచన ఆయన్ని నమిలేసింది.

ఆరింటికి కూతురు గడప దాటగానే, చెప్పులు విప్పకముందే మొత్తం చెప్పేశాడు. కచ్చా కుట్టుతో సహా.

కూతురు మొహం పాలిపోయింది. పిల్లని లాక్కుని, నోరు చూసి, వీపు నిమిరి, ముద్దులు పెట్టి, అప్పుడు తండ్రి మీద విరుచుకుపడింది. "ఒంటిమీద బట్ట కూడా చూసుకోవాలని నీకు నేను చెప్పాలా? నువ్వు టైలరువి!" తాత టేపు ముట్టుకోలేదు. తల దించుకుని అన్నీ పడ్డాడు.

అరిచి అరిచి ఆమె కుర్చీలో కూలబడింది. కాసేపటికి గొంతు తగ్గింది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదమ్మా."

"నేను వెళ్ళిన ప్రతి ఫ్యాక్టరీలోనూ అంతా బాగానే ఉందంటారు. వేలు తెగినవాణ్ణి సెలవు మీద పంపేసి మరీ అంటారు. జరిగింది జరిగినట్టు చెప్పినవాణ్ణి ఇన్నేళ్ళలో ఒక్కణ్ణి చూడలేదు నాన్నా."

లేచి పిల్లని భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రేపు నాకు దూరంలో పనుంది, తొందరగా బయల్దేరాలి. ఏడింటికే తీసుకొస్తాను, లేచి ఉంటావా?"

తాత కళ్ళు తుడుచుకుని, "అయిదింటికే లేస్తాను తల్లీ," అన్నాడు.