చెప్పుల చుట్టూ నీలం గీత

మా టైలరింగ్ షాపులో సుద్దబిళ్ళలు మాయమవుతుంటే పనివాళ్ళ మీద ఒంటికాలి మీద లేచాను. తీరా చూస్తే దొంగ ఇంట్లోనే ఉంది. మా అమ్మాయి! జర్నలిజం చదువుతోంది.

"గుడ్డ మీద గీసే సుద్దతో నీకేం పనే?"

"పోలీసుల కోసం నాన్నా," అంది తాపీగా.

సంగతేమిటంటే, రోడ్డు మీద పోలీసులను మొదటిసారి వీడియో తీసినప్పుడు "పనికి అడ్డొచ్చావ్" అని తరిమేశారట. రెండోసారీ అదే పాట. అప్పటినుంచి ఫుట్‌పాత్ మీద ఓ పక్కగా నిలబడి, చెప్పుల చుట్టూ గీత గీసి, ముందు దాన్ని వీడియో తీసి, ఆపకుండా అలాగే కెమెరా పైకెత్తుతోంది. "వీడియో తీస్తున్నావా, తొక్కుడుబిళ్ళ ఆడుతున్నావా?" అని వాళ్ళమ్మ ఒకటే నవ్వు.

మొన్న కూరగాయల బళ్ళు తీయిస్తుంటే వీడియో తీసిందని స్టేషన్‌కు పట్టుకుపోయారు. విధులకు అడ్డుపడిందని కేసు పెడితే కాలేజీలో పరీక్ష రాయనివ్వరేమో. మెడలో టేపు తీయకుండానే పరుగెత్తాను.

"ఆ వీడియో చెరిపేస్తే వదిలేస్తాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చెరిపెయ్యవే తల్లీ, నీకు దణ్ణం పెడతా," అన్నాను.

"చెరపను నాన్నా. సార్, ముందు మీరోసారి చూడండి."

మొండిఘటం! ఎవరి పోలికో అడక్కండి.

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూనే చూశాడు. మొదట చెప్పులు, గీత. తర్వాత బళ్ళు, అరుపులు. ఇంతలో ఎవరో కెమెరాను కిందికి నొక్కారు. గీత లోపల మా అమ్మాయి పాదాలు ఉన్నచోటే ఉన్నాయి. ఒకదాన్ని తొక్కుతూ ఓ బూటు!

ఇన్‌స్పెక్టర్ తన పక్కనున్న కానిస్టేబుల్ కాళ్ళ వైపు చూశాడు. బూటు అంచున నా నీలం సుద్ద ఇంకా అంటుకునే ఉంది.

"అడ్డొచ్చింది ఎవరయ్యా?" అన్నాడు.

కేసు లేదు. వీడియోతో సహా కెమెరా ఇచ్చేశారు.

బయటికొచ్చాక చూస్తే పిల్ల కాలివేళ్ళు కమిలిపోయి ఉన్నాయి. నా ప్రాణం ఉసూరుమంది.

"కాలు వెనక్కి తీసుకోవచ్చుగా, పిచ్చిమొహమా!"

"తీసుకుంటే గీత దాటినట్టే కదా నాన్నా."

గర్వంగా షాపుకొచ్చి సుద్దబిళ్ళల డబ్బా మొత్తం దాని సంచిలో పెట్టేశాను.

"మరి మాకో?" అన్నారు పనివాళ్ళు.

"ముందు మా అమ్మాయికి. మిగిలితే మనకి!"