బియ్యం బస్తా కింద ఉత్తరం

నిన్న సాయంత్రం మా ఆయన ఆసియా షాపు నుంచి పది కిలోల బియ్యం బస్తా మోసుకొచ్చి, నా రాతబల్ల మీద దించబోయాడు. వంటింట్లోంచి నేను అరిచిన అరుపుకు పాపం బస్తా చేతుల్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ బల్ల మీద ఉన్నవి పాత కరెంటు బిల్లులేనని నాకూ తెలుసు. అయినా కాగితం మీద బియ్యం బస్తా అంటే నేను చూస్తూ ఊరుకోలేను. ఎందుకో ఆయనకు తెలుసు కనుక నేల మీద దించి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ, జర్మనీలోని కెమ్నిట్జ్‌లో, మా ఇంటికి కింది అంతస్తులో ఒక టీచరమ్మ ఉండేది. చిన్నప్పుడే చూపు పోయిన మనిషి. చూపులేని పిల్లలకు ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి రిటైరైంది. మేం మెట్లు దిగుతుంటే అడుగుల చప్పుడును బట్టి ఎవరో చెప్పేది. నేను పోపు పెట్టిన గంటకు తలుపు దగ్గర ఎదురైతే, "ఇవాళ ఆ ఘాటు పొడి కాస్త ఎక్కువైంది" అనేది, ఇంగువ గురించి. వంతులవారీగా మెట్లు తుడిచే వారం నాదైతే రెయిలింగు మీద వేలు రాసి చూసి మరీ మార్కులు వేసేది. పదికి ఆరు దాటి ఎప్పుడూ రాలేదు నాకు. ఇంత కచ్చితమైన మనిషి నాతో స్నేహం ఎలా చేసిందంటే, దానికి కారణం మా అక్క.

అక్క వరంగల్ దగ్గర చూపులేని ఆడపిల్లల హాస్టల్ బడిలో పనిచేస్తుంది. ఒకసారి నేను అక్కతో ఫోన్లో మాట్లాడుతుంటే టీచరమ్మ పక్కనే ఉండి, అక్కడి పిల్లలు జ్యామెట్రీ ఎలా నేర్చుకుంటారో అడగమంది. "బొమ్మలున్న పాఠాలు ఇడిసిపెడ్తమే, ఏం జేస్తం" అంది అక్క. ఆ మాట నేను జర్మన్‌లో చెప్పేసరికి ఆవిడ ముఖం ఎర్రబడింది. "కళ్ళు లేవని త్రిభుజం కూడా లేకుండా చేస్తారా?" అంది, ఆ తప్పేదో నేనే చేసినట్టు. ఆ వారమే తన పాత సహోద్యోగులందరికీ ఫోన్లు చేసి మందపాటి కాగితాలు, రబ్బరు చాపలు, కాగితం మీద దొర్లిస్తే వెనకవైపు గీత ఉబ్బేలా చేసే చిన్న పళ్ళ చక్రాలు పోగుచేయించింది. పెట్టెలు కట్టడం, కస్టమ్స్ కాగితాలు నింపడం నా వంతు. పెట్టె అందిన కొన్నాళ్ళకు అక్కడి పిల్లలు బ్రెయిలీలో రాసిన ఉత్తరాలు వచ్చేవి.

ఆ ఉత్తరాలు చదవడం ఒక తతంగం. బ్రెయిలీ ఎక్కడైనా కాగితం మీద ఉబ్బిన ఆరు చుక్కలే కనుక తెలుగు అక్షరాలు చాలామటుకు ఆవిడ వేళ్ళకు తెలిసినవే. తెలియనివి అక్కను అడిగి నెల రోజుల్లో పట్టేసింది. కానీ ఒక్క మాటకూ అర్థం తెలియదు. నాకు తెలుగు వచ్చు, చుక్కలు రావు. అందుకని ఆవిడ వేలితో తడుముతూ పైకి చదివేది, నేను విని జర్మన్‌లో చెప్పేదాన్ని. "మీరు అన్నం తిన్నారా" అని ఒక పిల్ల రాసిన వాక్యాన్ని ఆవిడ రైల్వే స్టేషన్ ప్రకటనలా చదివితే, నవ్వు ఆపుకోలేక కాఫీ ఒలకబోసుకున్నాను. మేమిద్దరం కలిస్తేగానీ ఒక పూర్తి చదువరి అయ్యేవాళ్ళం కాదు.

ఆ పిల్లల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, అందరూ వద్దన్నా, లెక్కలు బొమ్మలతో సహా నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఆ అమ్మాయి కోసం టీచరమ్మ ఒక శరదృతువంతా కూర్చుని చేత్తో జ్యామెట్రీ పుస్తకం చేసింది. దానితోపాటు పంపే ఉత్తరం నేను తెలుగులో చెప్తుంటే తనే బ్రెయిలీలో చుక్కలు పొడిచి రాసింది. ఏ గీత దగ్గర నీ వేలు దారి తప్పిందో దాచకుండా రాయి, అది సరిచేసి మీ తరగతి అందరికీ తలొకటి చేసి పంపుతాను, అని. జవాబు వస్తే తప్ప రెండో ప్రతి మొదలుపెట్టనంది. ఫోన్లో అడిగేద్దామంటే ఒప్పుకోలేదు. "అడిగితే పిల్లలు మర్యాదకు బాగుందంటారు. ఒంటరిగా కూర్చుని రాసినప్పుడే నిజం రాస్తారు."

జవాబు బయల్దేరింది కానీ, అది దారిలో ఉండగానే లోకమంతా తలుపులు మూసుకుంది. కొన్ని వారాలకు, లాక్‌డౌన్ నడుమ, మా పోస్టు డబ్బాలో ఆ కవరు కనిపించింది. ఆ రోజుల్లో నేను పాల డబ్బాను కూడా సబ్బుతో కడిగేదాన్ని. కింద ఉన్నది డెబ్బై దాటిన మనిషి, ఊపిరితిత్తులు అంతంతమాత్రం. ఎన్ని చేతులు మారి వచ్చిందో అనుకుని, కవరు చింపి రెండు కాగితాలకూ అటూ ఇటూ శానిటైజర్ కొట్టాను. కాగితాలు తడిసి మెలితిరిగాయి. మా అమ్మ నేర్పిన పద్ధతిలో పాత పేపర్ల మధ్య పెట్టి, సాపుగా ఆరాలని, మళ్ళీ దొరుకుతాయో లేదోనని కొని దాచిన బియ్యం బస్తాను వాటి మీద పెట్టాను. మర్నాడు తీసి చూస్తే ఇస్త్రీ చేసినట్టున్నాయి. మురిసిపోయాను కూడా. చుక్కలు చదవడం రానిదాన్ని, నాకవి కాగితాల్లాగే కనిపించాయి.

మాస్కు కట్టుకుని వెళ్ళి ఆవిడ గుమ్మం ముందు కుర్చీ మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాను. ఆవిడ కాగితం అందుకుని వేలు పెట్టింది. పై నుంచి కిందికి, మళ్ళీ పై నుంచి. తిరగేసి చూసింది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో: తడిసిన కాగితం మీది చుక్కలన్నీ బస్తా బరువుకు అణిగిపోయాయి. నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం, "పోస్టులో బాగా నలిగినట్టుందండీ." ఆవిడ కాగితాన్ని ముక్కు దగ్గరికి తీసుకుంది. "అవును, చాలా దూరం నుంచి వచ్చింది కదా" అంది. అంతే. పైకి వచ్చాక చూసుకుంటే ఆ కాగితాలు పట్టుకున్న నా చేతులు శానిటైజర్ వాసన గుప్పుమంటున్నాయి. ఇంగువ కనిపెట్టే మనిషికి అది తెలియకుండా ఉంటుందా? సిగ్గుతో చచ్చిపోయాను, కానీ కిందికి దిగి నిజం చెప్పలేదు.

అక్కకు ఫోన్ చేసి, ఆ అమ్మాయితో మళ్ళీ రాయించమన్నాను. "పిల్లలందర్ని ఇండ్లకు తోలినమే. ఆ పొల్లది తండా, ఇంట్ల ఫోన్ గూడ లేదు. నేనేడ దొరకబట్టాలె?" అంది అక్క. ఎండాకాలం పోయింది. ఆవిడ మెట్ల దగ్గర నా అడుగులు విన్నప్పుడల్లా, "పోస్టు?" అనేది. రాలేదని నేనంటే తల ఊపేది. రబ్బరు చాప బల్ల మీద పరిచే ఉండేది, దాని మీద కొత్త కాగితం.

ఆ చలికాలం అంబులెన్సు వచ్చి ఆవిడను తీసుకెళ్ళింది. ఆసుపత్రికి ఎవరినీ రానివ్వడం లేదు. ఫోన్ చేసి ఈసారైనా చెప్పేద్దామని మాటలు కూడబలుక్కున్నాను. నేను నోరు విప్పేలోగా ఆవిడే దగ్గు మధ్య, "ఉత్తరం వచ్చిందా?" అంది. "దారిలో ఉందటండీ" అన్నాను. అది నా రెండో అబద్ధం. ఆ వారంలోనే ఆవిడ పోయింది. ఖననానికి ఇంతమందే రావాలని లెక్క, మా పేర్లు అందులో లేవు. నేనూ మా ఆయనా శ్మశానం కంచె బయట మంచులో నిలబడ్డాం.

మరుసటేడు హాస్టల్ తెరిచారు. టీచరమ్మ పోయిన సంగతి తెలియని ఆ అమ్మాయి మళ్ళీ రాసిన ఉత్తరం వచ్చేనాటికి కింది ఇంట్లో వేరే కుటుంబం దిగింది. దాన్ని దీపం వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే చుక్కల నీడలు పడ్డాయి. వీడియో కాల్‌లో చూస్తూ అక్క చదివింది. "టీచరమ్మగారూ, త్రిభుజాలన్నీ మంచిగ తెలిసినయి. చివర్ల పెద్ద వృత్తం కాడ నా వేలు దారి తప్పింది. గీత వంకరటింకరగ పోయింది. మీ చెయ్యి వణికిందా? పానం మంచిగుందా? ఆ పేజీ మళ్ళ చెయ్యకున్నా ఏం గాదు, ముందుగాల డాక్టరుకు చూపెట్టుకోండి." అక్క ఆగింది. "మొదటి ఉత్తరంల గూడ గిదే అడిగిందట" అంది మెల్లగా.

ఆవిడ నెత్తి మీద కాపురం ఉన్నాను నేను. వారానికి రెండుసార్లు ఆవిడ చేతి కాఫీ తాగాను. ఆవిడ కప్పును రెండు చేతులతో పట్టుకోవడం నా రెండు కళ్ళతో చూసి, చలికనుకున్నాను. సముద్రాల అవతల ఒక పిల్ల వేలితో తడిమి కనిపెట్టి, బాగున్నారా అని అడిగింది. ఆ అడగడాన్ని నేను బస్తా కింద పెట్టాను. అది అందితే ఆవిడ బతికేదని అనను. కానీ ఆ ప్రశ్న ఆవిడది. నా మూలంగా ఆవిడకు దక్కలేదు.

ఆ పుస్తకానికి రెండో ప్రతి లేదు. ఉన్న ఒక్కటే అక్కడ చేతులు మారుతోంది, ఆ వంకర వృత్తంతో సహా. కింది ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆవిడ మేనకోడలు నాకు ఒక అట్టపెట్టె ఇచ్చింది. అందులో రబ్బరు చాప, పళ్ళ చక్రం, విడిగా ఒక గుడ్డలో చుట్టి ఆ మొదటి ఉత్తరం ఉన్నాయి. పారేయలేదు ఆవిడ. నేనూ పారేయలేదు. నిన్న బియ్యం సర్దడం అయ్యాక దాన్ని తీసి, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని వేలు పెట్టి చూశాను. ఏడాది ఏడాదికీ నా వేళ్ళు గరుకెక్కుతున్నాయి, ఆ కాగితం మాత్రం ఆ రోజు ఎంత నున్నగా ఉందో ఇప్పటికీ అంతే నున్నగా ఉంది.