నల్లమల కనుమలో మా మూడు సైకిళ్ళు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోకముందే, హైదరాబాదు నుంచి వచ్చిన మా మనవరాలు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. లావు టైర్ల సైకిలొకటి కొనుక్కుందట, దాని మీద ఎక్కడో ఉత్తరాది కొండల్లో స్నేహితులతో కలిసి తిరగబోతోందట, వాళ్ళు పోయే దారిలో అంతకుముందు పోయినవాళ్ళెవరో తీసిన వీడియో అది. "అమ్మమ్మా, జర చూడు, ఈ రూట్‌ల తారు రోడ్డే ఉండదు, మొత్తం మొరమే. ఒక ఘాటు ఎక్కుడు, దిగుడు, మళ్ళొక లోయ. మస్తుంటది!" అని మురిసిపోతోంది. ఒక పక్క నిలువురాయి, ఇంకో పక్క చూపు ఆనని లోతు, మధ్యలో కంకర తేలిన సన్నటి దారి, ఆ దారి మీద కిందికి దూసుకుపోతున్న సైకిలు. నేను బాగుందమ్మా అని ఫోను తిరిగి ఇచ్చేసి, కళ్ళజోడు తుడుచుకునే మిషతో లోపలి గదిలోకి వెళ్ళి చాలాసేపు మంచం మీద కూర్చుండిపోయాను.

మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మిర్యాలగూడ దాటితే చాలు ఆ రోజుల్లో మొరం రోడ్డే దిక్కు, దాన్ని వెతుక్కుంటూ అంత దూరం పోవలసిన పనే లేదు. నేను నిడమనూరు బడిలో టీచరుగా చేరిన కొత్తలో అదే బడిలో పనిచేసే కోదాడ ఆయనతో నా పెళ్ళయింది. ఆయనకు కొండలంటే పిచ్చి. వరిపొలాల మధ్య పుట్టి పెరిగినవాడికి ఆ పిచ్చి ఎక్కడ పట్టుకుందో తెలియదు గాని, వేసవి సెలవులు రాగానే సైకిళ్ళు విప్పి, కడిగి, నూనె వేసి, అటుకులూ బెల్లమూ మూటగట్టి, నన్ను కూడా బయల్దేరదీసేవాడు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని సైకిలు తొక్కుతున్న పంతులమ్మను చూడటానికి దారి పొడుగునా ఊళ్ళు ఊళ్ళే నిలబడేవి. మా అత్తగారైతే కొన్నాళ్ళు నాతో మాట్లాడటమే మానేసింది. హాలియా మీదుగా సాగర్ చేరి, కృష్ణ దాటి, మాచర్ల పోయి, అక్కడి నుంచి నల్లమలలోకి. ఎర్రటి మొరం దారి వెదురు పొదల మధ్య మెలికలు తిరుగుతూ పైకి ఎక్కేది. తొక్కలేని చోట దిగి నెట్టుకుంటూ, ఆగి ఊపిరి పీల్చుకుంటూ కనుమ నెత్తికి చేరేసరికి, రెండు గుట్టల సందులోంచి వచ్చే గాలికి చెమట ఆరిపోయి ఒళ్ళు జలదరించేది. ఆ క్షణంలో ఆయన ముఖం చూడాలి. అటువంటి సంతోషం నేను మళ్ళీ ఏ మనిషి ముఖంలోనూ చూడలేదు.

ఆ సంగతులన్నీ మేము మా పుట్టిల్లు వేములపల్లి పోయినప్పుడల్లా మా తమ్ముడు నోరు తెరుచుకుని వినేవాడు. నాకు ఒక్కగానొక్క తమ్ముడు, అప్పుడే మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా కుదిరాడు, సంబంధాలు కూడా చూస్తున్నారు. మూడో ఏడు వేసవిలో నేనూ వస్తానని బావ వెంట పడ్డాడు, ఆయన సరేనన్నాడు. మా నాన్న బడిపంతులు, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే; కొడుకును కొండలకు పంపడం ఇష్టం లేక వాకిట్లో నిలబడి గొణుక్కున్నాడు గాని, అల్లుడి మాట కాదనలేకపోయాడు.

మూడు సైకిళ్ళ మీద పోయిన ఆ ప్రయాణం వంటిది మరొకటి లేదు. తమ్ముడు దారంతా పాడుతూనే ఉన్నాడు, ఎక్కుడులో కూడా పాట ఆపలేదు. కనుమ నెత్తి మీద కూర్చుని అటుకులు తిన్నాం, కింద లోయలో ఎండిన వాగు ఇసుక తెల్లగా మెరుస్తుంటే చూసి, వానాకాలం నిండుగా పారేటప్పుడు మళ్ళీ రావాలని తమ్ముడు అన్నాడు. దిగేటప్పుడు ఆయన ముందు, తమ్ముడు మధ్యలో, నేను వెనక. ఒక మలుపు దగ్గర రోడ్డు వాళ్ళు కొత్తగా కంకర పోసి వదిలారు. ఆయన అది దాటి, "నెమ్మది, నెమ్మదిగా రా!" అని వెనక్కి తిరిగి కేక వేశాడు. ఆ కేక వినిపించే లోపే తమ్ముడి ముందు చక్రం కంకరలో పక్కకు కొట్టుకుపోయింది. సైకిలు రోడ్డు అంచున ఆగింది. తమ్ముడు ఆగలేదు.

అతడు పడింది ఎంతో లోతు కాదు, ఒక బండ ఆపింది. ఆ బండే నడుము విరిచింది. ఆయన ఎట్లా దిగాడో, ఎట్లా భుజాన వేసుకుని పైకి తెచ్చాడో నాకు సరిగా జ్ఞాపకం లేదు, వెదురు లారీ ఒకటి వస్తే దాని మీద పడుకోబెట్టుకుని మాచర్ల దవాఖానకు తీసుకుపోయామన్నది మాత్రం గుర్తుంది, నా ఒళ్ళో తల పెట్టుకుని తమ్ముడు, "అక్కా, నా కాళ్ళు ఏడున్నయే?" అని అడగడం గుర్తుంది. హైదరాబాదు తీసుకుపోయినా నడుము కింద ప్రాణం రాలేదు. మా నాన్న అల్లుణ్ణి ఒక్కటే మాట అడిగాడు, "నా కొడుకును కొండలకు తీస్కపొమ్మని నీకెవరు చెప్పిన్రు?" అని. ఆ తర్వాత చనిపోయేదాకా ఆయనతో మాట్లాడలేదు, చర్చిలో పాట కూడా ఎత్తుకోలేదు.

మా ఆయన సైకిళ్ళన్నీ ఎవరికో ఇచ్చేశాడు. ప్రతి ఆదివారం బస్సెక్కి వేములపల్లి పోయి, మామగారి మౌనం కింద తల దించుకుని లోపలికి నడిచి, తమ్ముడికి గడ్డం గీసి, ఒళ్ళు తుడిచి, వీపు మీది పుండ్లకు మందు రాసి వచ్చేవాడు. తమ్ముడికి బావ మీద రవ్వంత కోపం లేదు, అదే ఆయనను ఎక్కువ చంపింది. "బావా, వానలు పడ్డయి గద, ఆ వాగు నిండుగ పారుతుంటది కావచ్చు. పొయ్యి చూసొచ్చి నాకు చెప్పరాదు," అని తమ్ముడు అడిగినప్పుడు, ఆయన నీళ్ళ చెంబు తెచ్చే వంకతో పెరట్లోకి వచ్చి గోడకు తల ఆనించి నిలబడేవాడు. నాలుగేళ్ళు అట్లా మంచంలో ఉండి, ముసురు పట్టిన రోజుల్లో జ్వరం వచ్చి తమ్ముడు పోయాడు.

మా ఇంట్లో కొండల మాట అంతటితో ఖతం. మాకు కూతురు పుట్టింది, దానికి సైకిలు నేర్పనివ్వలేదు ఆయన. ఎందుకని అది ఏడ్చి అడిగినా కారణం చెప్పలేదు. ఒకే కప్పు కింద ఇద్దరమూ ఒకే మనిషిని తలచుకుంటూ, ఒకరికొకరు తెలియనట్టు నటిస్తూ ముసలివాళ్ళమైపోయాం. ఆయన పోవడానికి కొన్ని నెలల ముందు ఒక పొద్దున టీ తాగుతూ, "ఒక్కసారి అక్కడికి వెళ్ళొద్దామా?" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. కిరాయి కారు మాట్లాడుకుని పోయాం.

కనుమ లేదు. గుట్టను తొలిచి వెడల్పు చేసి నున్నటి తారు పరిచారు, ఎక్కుతున్నట్టే తెలియలేదు. డ్రైవరు మాటల్లో ఉండగానే అవతలి వైపుకు వచ్చేశాం. వెనక్కి తిప్పించి, దిగి, లారీలు రయ్యిమని పోతుంటే ఆయన చేతికర్రతో రోడ్డు అంచు వెంట అటూ ఇటూ నడిచాడు, తొంగిచూశాడు, మళ్ళీ నడిచాడు. మలుపులు తీసేశారు, లోయ పక్కన మట్టి పోసి పూడ్చారు. "ఇక్కడేమో," అనేవాడు, కాసేపు నిలబడి, "కాదు, ఇక్కడ కాదు," అనేవాడు. ఎండ నెత్తి మీదికి వచ్చినా వినలేదు. చివరికి నేనే చెయ్యి పట్టుకుని తెచ్చి కారులో కూర్చోబెడితే, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "వాణ్ణి ఎక్కడ పోగొట్టానో కూడా నాకు తెలియకుండా చేశారు," అన్నాడు. అన్నేళ్ళలో తమ్ముడి గురించి మా మధ్య నడిచిన మాట అదొక్కటే. ఆ చలికాలంలోనే ఆయనా పోయాడు.

మనవరాలు నిన్న బయల్దేరిపోయింది. ఆపలేదు నేను, ఏమీ చెప్పలేదు కూడా. నాకొక తమ్ముడు, తనకొక చిన్న తాతయ్య ఉండేవాడని ఆ పిల్లకు తెలియదు, సంతోషంగా పోయేదానికి ఏమని చెప్పను? మా రోజుల్లో దారులు మనుషులను పడేసేవి, కాని ఎక్కడ పడ్డామో ఆ చోటు అట్లాగే ఉండేది, పోయి నిలబడి ఏడ్వడానికైనా వీలుండేది. ఇప్పుడు రోజూ వేల మంది ఆ గుట్టను కునుకు తీస్తూ దాటిపోతున్నారు. అక్కడొక మలుపు ఉండేదని తెలిసినవాళ్ళం ముగ్గురం. ఇద్దరు పోయారు. నాకు కూడా ఈమధ్య అన్నీ మరుపుకు వస్తున్నాయి.