ఖాళీగా వదిలేసిన నెట్‌వర్క్ పేరు

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, నెట్‌వర్క్ పేరు ఇవ్వలేదంటూ ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోయిన ప్రోగ్రాముని చూసి, ఇంత చిన్నదానికి ఇంత గోలేమిటని విసుక్కుంటే, నేను చోడవరంలో ఉద్యోగం మొదలుపెట్టిన ఏడాది కళ్లముందు మెదిలింది.

మా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో బ్లాక్‌చెయిన్ అంటే అందరికీ మోజు. ఒకసారి రాస్తే ఎవరూ చెరపలేని చిట్టా కదా, పలుకుబడి ఉన్నవాళ్లు ముందుకి దూరకుండా ఉంటారని, ఒక రైతుల సంఘం, తమ గానుగకి ఎవరి చెరకు ఏ రోజు కోసి తేవాలో చెప్పే వంతులన్నీ అందులో రాయించమని మా చిన్న కంపెనీని అడిగింది. జావాస్క్రిప్ట్‌లో ఆ ప్రోగ్రాం రాసింది నేనే. ప్రయోగానికి పెట్టిన నెట్‌వర్క్‌లో రాయాలా, అసలు దాంట్లోనా అన్నది సెట్టింగుల్లో చెప్పాలి. చెప్పకపోతే ఆగిపోవాలన్న తనిఖీ మాత్రం తర్వాత రాద్దాంలే అని వదిలేశాను.

ఆ ఉదయం ఏడింటికి రైతుల పేర్లకే ఉత్తుత్తి వంతులు వేసి పరీక్ష నడిపాను. నెట్‌వర్క్ పేరు ఇవ్వడం మరిచాను. ప్రోగ్రాం కిక్కురుమనకుండా అసలు నెట్‌వర్క్‌లో రాసేసింది, ఈరోజే కోయమని రైతుల ఫోన్లకి సందేశాలు వెళ్లిపోయాయి. సంగతి తెలిసేసరికి తొమ్మిది దాటింది. కోసిన చెరకు ఎండలో పడుంటే రసం ఇంకిపోతుందని రైతు ఇంట పుట్టిన నాకు ఒకరు చెప్పాలా? మా మేనేజరమ్మ వరసగా ఫోన్లు చేసి ఒక్కొక్కరినీ ఆపుతుంటే, ఎత్తని ఒకే ఒక్క నంబరు చూసి నేను స్కూటీ తాళాలు అందుకున్నాను. అది రావికమతంలో ఉన్న మా చిన్నాన్నది.

స్కూటీ మీద ఎలా వెళ్లానో తెలీదు. చేరేసరికి పావు ఎకరం చెరకు నేలమీద ఉంది.

“కోత ఆపించు సిన్నాన్నా! ఆ మెసేజి తప్పు, నేనే...” అని గట్టు మీంచే అరిచాను.

ఆయన కూలీలని చేత్తో ఆపి, “తప్పేటమ్మా? నా వంతుకి ఇంకా పది రోజులుంది కదా, ఓపాలి నిన్ను అడుగుదారనుకున్నాను. నువ్వు సేసిందే కదాని కోయించేస్తన్నాను,” అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు వంతున్న రైతు ఒకాయన పెద్దమనసుతో చోటిచ్చినా, సాయంత్రానికి సగం చెరకే గానుగకెక్కింది, మిగతాది ఎండిపోయింది. చెరపలేని ఆ చిట్టాలో తప్పు వంతుల కింద సరైనవి మళ్లీ రాశాం. పేరు ఖాళీగా ఉంటే అడుగు ముందుకు వెయ్యనివ్వని తనిఖీని, అన్నం కూడా తినకుండా కూర్చుని, ఆ రోజే పెట్టాను.

ఇప్పుడన్ని పనిముట్లూ ఆ తనిఖీలతోనే వస్తున్నాయి. చిన్నాన్న కూడా మారారు. ఏ సందేశం వచ్చినా నాకు ఫోన్ చేసి నిజమేనా అని అడిగాకే కదులుతారు. అదే మంచిదని నాకూ తెలుసు. కానీ నేను చేసిందంటే చాలు, ఇంకేమీ అడగని ఆయన నాకు ఆ ఒక్క ఉదయం వరకే ఉన్నారు.