వంకాయ రంగు చీర, కొత్త హెడ్‌సెట్

‘ఆ రోజుల్లో’ అని నేను మొదలుపెడితే మా ఇంట్లో అందరూ నవ్వుతారు. ఇంకా ముప్ఫై నిండలేదు, నీకు ఆ రోజులు ఈ రోజులు ఏందే అంటుంది మా అమ్మ. కానీ నేను చెప్పేది తలకు తగిలించుకునే హెడ్‌సెట్ల సంగతి. ఆ సామాను విషయంలో నాలుగైదేళ్ల కిందటి మాటంటే తాతల కాలం మాటే. అప్పట్లో అబిడ్స్‌లోని ఒక షోరూములో నేను పసిబిడ్డను అందించినంత జాగ్రత్తగా కస్టమర్ల చేతుల్లో పెట్టిన హెడ్‌సెట్‌ను ఇవాళ ఎవరికైనా చూపిస్తే, ఇంత బరువు నెత్తిన ఎట్లా మోశారని జాలి పడతారు. నాకు మాత్రం దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. నా మొదటి ఉద్యోగం దాని పుణ్యమే. ఆ ఉద్యోగం ఊడింది కూడా దాని పుణ్యమే.

మాది సుల్తాన్ బజార్‌లో మ్యాచింగ్ సెంటర్. చీరకు కలిసే జాకెట్ గుడ్డ, లైనింగ్, ఫాల్ అమ్ముతాం. గోడల నిండా రంగురంగుల తాన్లే. మా బాపుకు ఒకటే పట్టు: ట్యూబ్‌లైటు కింద చూసిన రంగును నమ్మకూడదు. చీరనూ ముక్కనూ పట్టుకుని, కస్టమర్‌ను వెంటబెట్టుకుని, మెట్లు దిగి రోడ్డు మీదికి పోయి, ఎండలో పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప గుడ్డకు కత్తెర పెట్టడు. (అందుకే మా దుకాణం ఎప్పుడు చూసినా సగం ఖాళీగా, రోడ్డు సగం నిండుగా ఉంటుంది.) వంకాయ రంగుకూ నేరేడు రంగుకూ తేడా పట్టే కన్ను మా అన్నకు రాలేదనీ, నాకొచ్చిందనీ, కాబట్టి తన తర్వాత గల్లాపెట్టె ముందు కూర్చునేది నేనేననీ బాపు ఎప్పుడో తేల్చేశాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. నాంపల్లి కాలేజీలో కంప్యూటర్లు చదివిన నాకు ఫాల్సూ లైనింగులూ అంటే ఒళ్లు మండేది. అలిగి, అన్నం మానేసి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నేను కొత్తగా చేరిన షోరూములో నన్ను పర్మనెంట్ చేస్తే బాపు ఇక దుకాణం మాట ఎత్తడు. చేయకపోతే నేను నోరు మూసుకుని వచ్చి కూర్చోవాలి.

షోరూములో నా పని కొత్తగా వచ్చిన హెడ్‌సెట్‌ను వచ్చినవాళ్లకు పెట్టి చూపించడం. అది పెట్టుకుంటే మన చుట్టూ ఉన్న గదీ కనిపిస్తుంది, గదిలో లేనివీ కనిపిస్తాయి. బల్లలూ మనుషులూ ఎక్కడివక్కడే ఉంటారు, వాళ్ల నడుమ నుంచి ఒక బంగారు చేప ఈదుకుంటూ పోతుంది. పక్కనే పోటీ కంపెనీల హెడ్‌సెట్లు రెండు పెట్టి, ముందు అవి చూపించి, ఆ తర్వాత మాది చూపించి, ‘ఇలాంటిది ప్రపంచంలో ఇంతకుముందు లేదు’ అనాలి. కంపెనీవాళ్లు నేర్పిన ఆ మాటను ఎంత బట్టీ పట్టానంటే, ఒకరోజు ఇంట్లో పప్పు బాగుందా అని అమ్మ అడిగినా అదే జవాబు వచ్చింది. అమ్మ చాలా సంతోషపడింది.

నన్ను పర్మనెంట్ చేసేదీ లేనిదీ తేల్చడానికి కంపెనీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మండే ఎండల్లో కూడా టై కట్టుకొచ్చాడని ఆయనకు టై సార్ అని పేరు పెట్టాం. ఆయన మూలన నిలబడి చూస్తుండగా, నా ఖర్మకొద్దీ, నాంపల్లిలో ఉండే ఒక రిటైరైన టీచరమ్మ లోపలికి వచ్చింది. చేతిలో బట్టల సంచి, ముఖమంతా చెమట. ఏసీ చల్లదనం కోసం వచ్చిందని తెలుస్తూనే ఉంది. అయినా ఓపిగ్గా మూడూ పెట్టుకుని, చేపను చూసి నవ్వి, నేను బట్టీ పట్టిన మాట చెప్పగానే బడిలో పిల్లలను అడిగినట్టు అడిగింది.

“ఆ రెండిట్ల గూడ గది కనబడ్తున్నది, దీంట్ల గూడ గదే కనబడ్తున్నది. మరి ఇదొక్కటే కొత్తదని ఎట్ల నమ్మాలె బిడ్డా?”

దీనికి జవాబు కంపెనీవాళ్లు నేర్పలేదు. టై సార్ నా వైపే చూస్తున్నాడు. నా కళ్లేమో ఆమె సంచి మీద పడ్డాయి. పైన వంకాయ రంగు చీర, దాని మీద అప్పుడే కొన్న జాకెట్ ముక్క. అడిగి తీసుకుని రెండూ బల్ల మీద పరిచి, మూడు హెడ్‌సెట్లలోంచీ చూడమన్నాను. మొదటిదాంట్లో రెండూ బూడిద రంగులో ఉన్నాయంది. రెండోదాంట్లో దుమ్ము కొట్టుకుపోయినట్టు ఉన్నాయంది. మాది పెట్టుకోగానే, ఔ, దీంట్ల మస్తు కనబడ్తున్నయ్, రెండూ మంచిగ కలిసినయ్ అంది. టై సార్ ముఖం వెలిగిపోయింది. అక్కడితో ఊరుకుంటే నా బతుకు ఇంకోలా ఉండేది. కానీ హెడ్‌సెట్ లేని నా కళ్లకు ఆ ముక్క మీద ఎక్కడో అనుమానం. ఆలోచించే లోపే నోరు తన పని తాను చేసింది.

“జర ఎండల చూద్దాం రాండ్రి అమ్మా.”

చీరా ముక్కా భుజాన వేసుకుని, హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషిని చెయ్యి పట్టుకుని నడిపించేశాను. ఎవరూ ఎత్తుకుపోకుండా హెడ్‌సెట్‌ను బల్లకు ఒక తీగతో కట్టేసి ఉంచుతారని నాకు తెలియనిది కాదు. ఆ తీగ ఊడి, షోరూమంతా అదిరేలా అలారం మోగింది. గార్డు మా వెనక పరుగెత్తాడు, అతని వెనక మేనేజర్, ఆయన వెనక టై సార్. ఫుట్‌పాత్ మీద చెప్పులమ్మేవాళ్లూ, బస్సు కోసం నిలబడ్డవాళ్లూ మా చుట్టూ మూగారు. టీచరమ్మ మాత్రం ఏ కంగారూ లేకుండా, చేప బస్సు వెనక పోతున్నదని చెప్పింది. నేను చీరనూ ముక్కనూ ఎండలో పక్కపక్కన పట్టుకున్నాను. ఇప్పుడు గూడ కలిసినయ్ అంది. హెడ్‌సెట్ తీసి చూడమన్నాను. తీసింది. చీర వంకాయ రంగు. ముక్క నేరేడు రంగు.

“కలుస్తలేదు గద బిడ్డా,” అంది దిగులుగా.

“కలవదమ్మా. దీంట్ల ఒక్కటే రంగు లెక్క కనబడ్తది, అంతే. సుల్తాన్ బజార్ల మా బాపు దుకాణమున్నది, దీనికి కలిసే ముక్క ఆడ దొరుకుతది.”

ఒక చేతిలో కంపెనీవారి హెడ్‌సెట్, వెనకాల కంపెనీవారి టై. అయినా నేను దారి కూడా చెప్పాను, ఏ మూల తిరగాలో, ఏ బోర్డు చూడాలో. టై సార్ ఏమీ తిట్టలేదు, నువ్విక్కడ ఏం అమ్ముతున్నావమ్మా అని మాత్రం అడిగాడు. సాయంత్రం మేనేజర్ నిజంగా బాధపడుతూ, అమ్మడం నీకు మంచిగనే వస్తది గానీ మా సామాను కాదు అన్నాడు.

ఏడ్చుకుంటూ దుకాణానికి పోయేసరికి కథంతా నాకంటే ముందే అక్కడికి చేరింది. టీచరమ్మ వచ్చి, ముక్క కొనుక్కుని, పూసగుచ్చినట్టు చెప్పి పోయిందట. పందెం తనే గెలిచానని బాపు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నాకు మంచినీళ్లిచ్చి, అది నిజంగనే కొత్తదా అని అడిగాడు. కొత్తదే, ఆ రెండిటికన్నా చాలా మేలు, కానీ రంగు తప్పు చెప్తుంది అన్నాను. తాన్లు సర్దుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

“రంగు తప్పు చెప్పనిది వచ్చేదాంక ఈడ కూసో బిడ్డా. అది వచ్చిన్నాడు నువ్వు పో. నేను ఆపను.”

అప్పటి నుంచి ఏ కొత్త హెడ్‌సెట్ వచ్చినా నేను అబిడ్స్ పోవడం, హ్యాండ్‌బ్యాగులోంచి వంకాయ ముక్కా నేరేడు ముక్కా తీయడం, తిరిగి రాగానే అది ఏమన్నదని బాపు అడగడం, తప్పే చెప్పిందని నేననడం మా ఇద్దరికీ అలవాటైపోయింది. ఈ మధ్య బాపు కళ్లు మసకబారాయి. ఆపరేషన్ అయింది కానీ రంగుల మీద మునుపటి ధీమా రాలేదు. ఇప్పటికీ కస్టమర్లను ఎండలోకి తీసుకుపోతాడు. ముక్క పైకెత్తి పట్టుకుని, నేనెక్కడున్నానా అని వెతుక్కుంటాడు.

పోయిన నెల ఇంకొకటి వచ్చిందంటే పోయాను. చూపించిన పిల్ల ఇలాంటిది ప్రపంచంలో ఇంతకుముందు లేదు మేడమ్ అంది, అచ్చంగా నా గొంతుతోనే. నవ్వుకుంటూ పెట్టుకుని, అడిగి మరీ గుమ్మం దగ్గరి ఎండలోకి పోయి (ఈసారి అలారం మోగలేదు), రెండు ముక్కలూ పక్కపక్కన పట్టుకున్నాను. వంకాయ వంకాయలాగే ఉంది. నేరేడు నేరేడులాగే ఉంది. చేతులు మార్చి పట్టుకుని మళ్లీ చూశాను, అవే రంగులు. ఆ పిల్ల కంగారుపడి, నచ్చలేదా మేడమ్ అని అడిగింది. చాలా బాగుంది అన్నాను. అబిడ్స్‌ నుంచి ఏడ్చుకుంటూ నడిచిన అప్పటి నేను ఇంతకాలం ఎదురుచూసింది దీనికోసమే. తీరా వస్తే, కాళ్లు సుల్తాన్ బజార్ వైపే నడిచాయి.

బాపు రోడ్డు మీదే ఉన్నాడు, పక్కన ఎవరో కస్టమరమ్మ.

“ఏమన్నది బిడ్డా?”

“ఇంకా తప్పే చెప్తున్నది బాపు.”

నాకెరుకనే అని తలూపి, చేతిలోని చీరా ముక్కా నాకిచ్చి, కలిశాయో లేదో చూడమన్నాడు. ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, కలిశాయని చెప్పాను. ఆ మాట మాత్రం నిజమే.