నలగని పక్క

పోలీసుల నివేదిక నాలుగు పుటలుంది. అందులో ఒక మనిషి చావుకు పేరు పెట్టింది ఒకే వాక్యం: "గదిలో పక్క నలగలేదు." రాత్రంతా పడుకోలేదు గనుక చీకట్లోనే లోయలోకి దూకి ఉంటాడని తరువాతి వాక్యం తేల్చింది. ఆ పక్కను ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో నాలుగు పుటల్లో ఎక్కడా లేదు. అడగవలసిన ప్రశ్న అడగకుండానే జవాబు రాసుకోవడం మన కార్యాలయాలకు వెన్నతో పెట్టిన విద్య. అందుకే ఆ పక్క వేసిన మనిషి గురించి రాస్తున్నాను.

లోయ అంచున ఉన్న ఆ లాడ్జిలో పన్నెండు గదులు. బస్సు మలుపు దగ్గర దింపి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి గంట నడక. దారిలో ఇల్లు లేదు, దుకాణం లేదు, ఎర్రమట్టి తప్ప. లాడ్జి వెనక వరండా దిగి ముప్పై అడుగులు వేస్తే నేల ఉన్నట్టుండి ఆగిపోతుంది. అక్కడ నడుమెత్తు ఇనప కమ్మీ. కమ్మీకి అవతల గాలి; ఎక్కడో అడుగున దారప్పోగులా నది. ఆ గాలికి ఉతికిన దుప్పటి అరగంటలో ఆరి అట్టలా బిగుస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడ దుప్పట్లు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, పన్నెండు గదుల్లో పక్కలు వేసినది ఒకే మనిషి. హాజరు పట్టీలో ఆమెకు వేరే పేరుంది గాని, దాన్ని పలికినవారు లేరు. యజమాని నుంచి జీపు డ్రైవరు దాకా అందరికీ ఆమె మడతమ్మ.

ఆమె భర్త కూడా ఆ లాడ్జి జీపు నడిపినవాడే. కాపురానికి వచ్చేసరికి ఇంట్లో అత్త లేదు, మామ లేడు. పదకొండేళ్ల మరిది ఉన్నాడు. నాలుగో ఏట జీపు మలుపులో బోల్తాపడి భర్త పోయాడు. అప్పటి యజమాని ఆమెను గదుల పనిలో పెట్టి, దుప్పట్ల గది వెనకున్న చిన్న గది చూపించి, "ఓపిక ఉన్నంతకాలం ఇక్కడే ఉండమ్మా" అన్నాడు. నోటిమాట, కాగితం లేదు. మరిదిని ఆమె చదివించింది. అతడు మొదట తాళాల బల్ల దగ్గర కూర్చున్నాడు, తరువాత మేనేజరయ్యాడు. ఇప్పుడతనికి ఇద్దరు పిల్లలు.

పాత యజమాని ఒక నియమం పెట్టాడు. పొద్దుపొడుపు చూడడానికి అంచుకు వెళ్లిన అతిథి తిరిగి వచ్చేసరికి పక్క సర్ది, జగ్గులో నీళ్లు నింపి ఉండాలి. ఆయన పోయాడు, కొడుకు యజమానయ్యాడు, ఆ నియమాన్ని మడతమ్మ తప్ప అందరూ మరిచిపోయారు. ముప్పై ఒక్క ఏళ్లలో నలిగిన పక్కకు తిరిగి వచ్చిన అతిథి లేడని చెప్పుకునేది. ఆ గర్వమే ఆమెకు శత్రువైంది.

చనిపోయినాయన కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్షించేవాడు. ఎనిమిదడుగుల గదిలో గోడకు అద్దం బిగించి, అందులో అక్షరాల పట్టీని చూపించి, దాన్నే దూరమనుకోమంటూ ఇరవైరెండేళ్లు గడిపాడు. "అద్దం లేని దూరం ఒక్కసారి చూసొస్తాను" అని భార్యతో చెప్పి, మూడు రోజులకు గది తీసుకుని ఒంటరిగా వచ్చాడు. మర్నాడు ఉదయం లోయ అడుగున కనిపించాడు. పైన కమ్మీ ఒకచోట విరిగి ఉంది. దూకేటప్పుడు తన్నడంవల్ల ఊడిందని నివేదిక. అతని తొమ్మిదేళ్ల కూతురిని బడిలో తోటిపిల్లలు, "మీ నాన్నకి నువ్వంటే ఇష్టం లేదంటగా" అని అడిగారట. "నాకింకేమీ వద్దమ్మా, ఆ ఒక్క మాట కొట్టించండి" అని ఆయన భార్య నా దగ్గరకు వచ్చింది. మళ్లీ విచారణకు దరఖాస్తు పెట్టాను. తేదీ పడింది. సాక్షి లేడు. మూడు రోజులు ఉండేలా అదే లాడ్జిలో గది తీసుకున్నాను.

మేనేజరు మర్యాదస్థుడు. ఏమడిగినా, "ఏముందమ్మా, పోలీసువారు అంతా రాసుకున్నారుగా" అంటాడు. కమ్మీ మొత్తం కొత్తది. రంగు వాసన ఇంకా పోలేదు.

మొదటి ఉదయం నేను మొహం కడుక్కుంటూండగా మడతమ్మ వచ్చి పక్క సర్దడం మొదలుపెట్టింది.

"రాత్రి కునుకు పట్టలేదు కదూ, లాయరమ్మా."

"ఎవరు చెప్పారు?"

"మీ దుప్పటే. నిద్ర పట్టనివాళ్లు దాన్ని నాలుగు మూలలా లాగేస్తారు. దిండుకి రెండు వైపులా గుంట పడుతుంది. హాయిగా పడుకున్నవాళ్లది ఒకటే గుంట, మిగతాదంతా వేసింది వేసినట్టే ఉంటుంది. కొత్తగా పెళ్లైనవాళ్ల సంగతి మీకెందుకులెండి."

"మరి కళ్లజోళ్లాయన పక్క ఎలా ఉంది?"

దిండు మీద ఆమె అరచేయి ఆగింది. తరువాత ఆ మూల, ఈ మూల బిగించి, లేచింది. "పక్క ఎలా వేయాలో అడగండి, చెబుతాను. మిగతావి మేనేజరుని అడగండి" అని బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం తువ్వాలు మార్చుకోవడానికి దుప్పట్ల గదికి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. లోపల మేనేజరు గొంతు వినబడి ఆగిపోయాను.

"ఆ లాయరు నిన్ను మాట్లాడిస్తుంది వదినా. నీ నోట్లో అసలే నువ్వుగింజ నానదు."

"ముప్పై ఒక్క ఏళ్లుగా నానుతూనే ఉందిరా. అడిగినవాడేడి?"

"ఇప్పుడు అడుగుతుందిగా."

"అడిగితే?"

"అడిగితే నీ ఇష్టం. నేను లోపలికి పోతే పిల్లలిద్దర్నీ నువ్వే పెంచుదువుగాని. పరాయి పిల్లల్ని పెంచడం నీకు అలవాటేగా."

దుప్పటి దులిపిన చప్పుడు మాత్రం వినబడింది. తలుపు తట్టాను. అతడు నాకు నమస్కారం పెట్టి పక్కనుంచి వెళ్లిపోయాడు.

మూడో ఉదయం ఆమె వచ్చి, తలుపు వేసి, కుర్చీలో కూర్చుంది. అతిథి గదిలో కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారని తరువాత చెప్పింది.

"ఆయన ఆరింటికి వరండాలో ఎదురయ్యాడు. మెళ్లో దూరం చూసే అద్దాలున్నాయి. 'ఏడింటికి ఒక బకెట్టు వేణ్నీళ్లు పెట్టించమ్మా, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి' అన్నాడు. గదిలోకి వెళ్లి పక్క చూస్తే నవ్వొచ్చింది. చంటిపిల్లాడిలా ఒక వైపే ఒత్తిగిలి పడుకున్నాడు. దిండింకా గోరువెచ్చగా ఉంది. సర్దేశాను. ఏడింటికి నీళ్లు తీసుకెళ్లాను, రాలేదు. చల్లారాయని మళ్లీ కాచాను. అవీ చల్లారాయి. తొమ్మిదింటికి గొర్రెలు కాసేవాళ్లు కిందనుంచి కేకేశారు."

"పోలీసులు వచ్చినప్పుడు మీరెక్కడున్నారు?"

"గుమ్మం దగ్గరే, జగ్గు పట్టుకుని. పెద్దాయన లోపలికి తొంగిచూసి, 'పక్క నలగలేదు, రాసుకో' అన్నాడు. నేను నోరు తెరిచేలోగా అడ్డు తప్పుకోమన్నాడు. ఇటు చూస్తే మా మరిది నా వంకే చూస్తున్నాడు. వాళ్లటు వెళ్లగానే ఆ దుప్పటి ఉతికేయమన్నాడు. ఉతికాను."

"కమ్మీ సంగతి?"

"కాళ్ల దగ్గర తుప్పు తినేసింది. దుప్పట్లు దానిమీదే కదా ఆరేస్తాను, నాకు తెలీదూ? మరకలు పడితే నిమ్మకాయ పెట్టి రుద్దేదాన్ని. మార్పించమని రెండేళ్లు పోరాను. యజమాని వద్దన్నాడట. వీడు రంగు పూయించాడు. రంగు పూశాక దుప్పట్లకి మరకలు పడలేదు." తరువాత అంది: "నేనూ ఊరుకున్నాను."

నిజం చెప్పడం సాక్షి బాధ్యత అన్నాను. అసలు దోషి యజమాని. మేనేజరు చెప్పిన పని చేసినవాడు మాత్రమే. చట్టం యజమాని దాకా వెళ్తుందన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు రవ్వంత సందేహమైనా లేదు.

"మీ చట్టానికేం లాయరమ్మా. దానికి ఇల్లా, పిల్లలా? ఎక్కడిదాకా అయినా వెళ్తుంది" అంది. తరువాత, "ఆ పిల్లకెన్నేళ్లన్నారు?"

"తొమ్మిది."

లేచి నా పక్క సర్దింది. వెళ్లేముందు గుమ్మంలో ఆగి, "తారీఖు ఎప్పుడు?" అంది.

విచారణ రోజున మేనేజరు రెండో బల్ల మీద భార్య పక్కన కూర్చున్నాడు. మడతమ్మ వాళ్ల వైపు చూడకుండా నిలబడి, నాతో చెప్పినదంతా వేణ్నీళ్ల దాకా చెప్పి ఆగిపోయింది. కమ్మీ ఊసెత్తలేదు. లాడ్జి తరఫు న్యాయవాది లేచాడు.

"పక్క చూసి నిద్ర సంగతి చెప్పడం ఏ కాలేజీలో నేర్చుకున్నావమ్మా?"

"మీ చొక్కా చూసి ఇస్త్రీ ఎవరు చేశారో కూడా చెప్పగలను బాబూ. పదిమందిలో ఎందుకని ఊరుకున్నాను."

గదిలో నవ్వులు లేచాయి. విచారణాధికారి తలదించుకుని కాగితాలు సర్దుకున్నాడు.

"సరే, నిద్రపోయాడే అనుకుందాం. నిద్రపోయి లేచినవాడు దూకకూడదా?"

"దూకొచ్చు. వేణ్నీళ్లు పెట్టమని చెప్పి దూకడు."

"మరెలా పడ్డాడంటావు?"

జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. నవ్వుల వేడిలో అతడు మరిచిపోయాడు.

"కమ్మీ విరిగి."

"గట్టి కమ్మీ అది. రెండు నెలల ముందే బాగుచేయించారు."

"రంగు వేయించారు" అంది ఆమె.

"ఎవరు?" అని విచారణాధికారి తలెత్తాడు.

ఆమె చేతిలో రుమాలుంది. దాన్ని సగానికి మడిచింది. మళ్లీ సగానికి. ఇంక మడత పడనంత చిన్నదయ్యాక చెప్పింది: "నా మరిది. తుప్పని తెలిసే వేయించాడు. నేను పెంచిన పిల్లాడండీ."

రెండో బల్ల మీద ఎవరో వెక్కారు. ఆమె అప్పుడు కూడా అటు చూడలేదు.

నివేదికలో మాట మారింది. ఆత్మహత్య కొట్టేసి ప్రమాదమని రాశారు. చనిపోయినాయన భార్య ఆ కాగితం నకలు బడికి తీసుకెళ్లి పంతులమ్మ చేత తరగతిలో చదివించింది. నాకు అప్పగించిన పని పూర్తయిందనే చెప్పాలి.

తరువాత నిర్లక్ష్యం కేసు నడిచింది. యజమాని ఒక కాగితం దాఖలు చేశాడు: కట్టడాల మరమ్మతు బాధ్యత పూర్తిగా మేనేజరుదేనని. దానికింద మేనేజరు సంతకం, ఉద్యోగంలో చేరిన రోజు తేదీతో. కొత్త కమ్మీ వద్దని యజమాని అన్నమాట నోటిమాట. చట్టం యజమాని దాకా వెళ్తుందని నేను మాటిచ్చాను; అది ఆ సంతకం దగ్గర ఆగిపోయింది. మేనేజరుకు రెండేళ్లు శిక్ష పడింది. మడతమ్మను వారంలో గది ఖాళీ చేయమన్నారు. పాత యజమాని మాట ఉంది కదా అన్నాను నేను. "మాటకేముంది, ఉతికితే పోతుంది" అంది ఆమె.

ఇప్పుడామె పట్నంలో ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతోంది. అక్కడ పక్కలు వేసేది వేరేవాళ్లు. తన చేతికి వచ్చేసరికి అన్నీ ఒకే మూటలో ఉంటాయి, ఏది ఎవరిదో తెలియదు. తోడికోడలు పిల్లల్ని ఆమె గడప తొక్కనివ్వదు. రెండుసార్లు జైలుకు వెళ్లింది. మరిది చూడడానికి ఒప్పుకోలేదు.

యజమాని మీద నేను వేసిన అప్పీలు మళ్లీ వాయిదా పడిందని చెప్పడానికి పోయిన ఆదివారం ఆమె గదికి వెళ్లాను. ఒక మంచం, ఒక కిటికీ, ఒక పొయ్యి. ఉదయం పది దాటింది. మంచం మీద పక్క లేచింది లేచినట్టే ఉంది. ఆమె గదిలో అలాంటి దృశ్యం చూస్తాననుకోలేదు.

"ఒంట్లో బాగాలేదా? పక్క సర్దలేదేం?"

"సాయంత్రం దాకా సర్దను. ఒంటిదాన్ని కదా. ఏ రోజైనా బయటికి పోయి తిరిగి రాకపోతే, ఎవరో వచ్చి గుమ్మంలోంచే చూసి రాసుకుంటారు. ఉన్నది ఉన్నట్టు కనబడనీ."

నేను మంచం వైపు చూశాను. దుప్పటి నాలుగు మూలలా లాగి ఉంది. దిండుకు రెండు వైపులా గుంట.

"చదవడం వచ్చేసినట్టుందే మీకు" అంది మడతమ్మ, టీ గ్లాసు నా చేతికిస్తూ. "ఊఁ, చెప్పండి. వాయిదా ఎన్నాళ్లకి?"